7,20,720 – ఒక పెద్ద సంఖ్యతో పరిచయం

ఉద్యోగ జీవితమంతా బ్యాంకులో గుమస్తాగా అంకెల మధ్యనే గడిపినవాణ్ణి. మన పిల్లల్లో చాలామంది ఆరంకెల సంఖ్య కనబడగానే ఆ ప్రశ్న వదిలేసి ముందుకు పోతారు. పోటీ పరీక్షల్లో ఒకటి రెండు మార్కుల తేడాతోనే అవకాశం చేజారవచ్చు. పెద్ద సంఖ్యకు భయపడనక్కరలేదని చెప్పడానికే 7,20,720ను ఎంచుకున్నాను.

ముందుగా దాన్ని విడదీద్దాం. ఇందులో 720 రెండుసార్లు పక్కపక్కనే ఉంది. మూడంకెల సంఖ్యను దేన్నైనా ఇలా రెండుసార్లు రాస్తే దాన్ని 1001తో గుణించినట్లే. కనుక ఇది 720 × 1001. ఇక 720 = 2×2×2×2×3×3×5; 1001 = 7×11×13. ఇవే దీని ప్రధాన కారణాంకాలు.

ఇప్పుడు ఇది ఏయే రకాలకు చెందుతుందో చూద్దాం. చివర సున్నా ఉంది కనుక సరి సంఖ్య, 10కి గుణిజం. 1, తాను కాక వేరే కారణాంకాలున్నాయి కనుక సంయుక్త సంఖ్య. వర్గ సంఖ్య మాత్రం కాదు. వర్గ సంఖ్యలో ప్రతి ప్రధాన కారణాంకమూ సరిసార్లు రావాలి. ఇక్కడ 5 ఒక్కసారే వచ్చింది. 1 నుంచి 16 వరకు దేనితో భాగించినా శేషం మిగలదు. అలాంటి సంఖ్యల్లో ఇదే అతి చిన్నది, అంటే ఆ పదహారింటి క.సా.గు. 17తో భాగిస్తే మాత్రం 5 మిగులుతుంది.

మొత్తం కారణాంకాలెన్ని? 2 నాలుగుసార్లు ఉంది. అసలు తీసుకోకపోవడంతో కలిపి దాన్ని 5 విధాలుగా తీసుకోవచ్చు. అలాగే 3ను 3 విధాలుగా, 5, 7, 11, 13లను రెండేసి విధాలుగా. 5×3×2×2×2×2 = 240. దీనికంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని కారణాంకాలు లేవు.

ఇటువంటి వాటిని 'హైలీ కాంపోజిట్' సంఖ్యలంటారు. వీటిపై శ్రీనివాస రామానుజన్ 1915లో సుదీర్ఘ వ్యాసం ప్రచురించారు. ఆ పరిశోధనకే 1916లో కేంబ్రిడ్జి ఆయనకు డిగ్రీ ఇచ్చింది. గణితం తప్ప మిగతా పాఠాలు పట్టించుకోక కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్న విద్యార్థి ఆయన. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతంతో గుమస్తాగా చేరారు. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల ఉపకార వేతనం ఇచ్చాకే పూర్తికాలం గణితానికి అంకితం కాగలిగారు.

తల్లిదండ్రులకు మనవి: తెలివి ఉన్న బిడ్డకు తీరిక కూడా కావాలి. ఉపకార వేతనం కొనిచ్చేది ఆ తీరికనే. విద్యార్థులకు మనవి: ఇష్టమైన పాఠంతో పాటు మిగతావీ చదవండి.

ఇక మీకొక లెక్క. 3,60,360ను ఇలాగే విడదీసి కారణాంకాలెన్నో కట్టండి. 192 వస్తే పద్ధతి మీకు పట్టుబడినట్లే.