కరెంటు బిల్లు కట్టేస్తే లెక్క తీరినట్లేనా?

"మా కరెంటు, మా డబ్బు. ఎంత కాల్చుకుంటే ఎవరికి నష్టం?" అనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. బిల్లు సకాలంలో చెల్లించడం మంచిదే. కాని చెల్లించినంత మాత్రాన వృథా చేసే హక్కు వస్తుందా? ఇస్లాం ఈ వాదాన్ని అంగీకరించదు. ఇస్రాఫ్ అంటే పరుల సొమ్ము కాజేయడం కాదు, తన సొంత సొమ్మునే హద్దు మీరి వాడటం. అన్నపానీయాలను ధర్మసమ్మతం చేసిన దివ్య ఖుర్ఆన్ వాటిలో సైతం దుబారాను వారించింది (7:31).

అసలు మనం చెల్లించే బిల్లు పూర్తి ఖరీదు కాదు. మన దేశంలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గు నుంచే వస్తోంది. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం కేంద్రాలలో మండేది ఆ బొగ్గే. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు ముప్పావు కిలో బొగ్గు కావాలి. అందులో మూడో వంతుకు అటూ ఇటూగా బూడిదే మిగులుతుంది. యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తుంది. ఆ బూడిదను పీల్చేది కేంద్రాల చుట్టుపక్కల ప్రజలు. ఆ ఎండకు సొమ్మసిల్లేది రేకుల ఇంట్లో ఉండే కూలీ, రోడ్డు మీద తోపుడుబండి వ్యాపారి. వారి బాధ మన బిల్లులో ఏ గడిలోనూ కనిపించదు. ఇది హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి మానవుల హక్కులకు సంబంధించిన విషయం.

మసీదు నుంచే మొదలుపెడదాం

ఒక మసీదులో 75 వాట్ల ఫ్యాన్లు 20 ఉన్నాయనుకుందాం. నమాజు ముగిసి అందరూ వెళ్లిపోయాక అవి గంటసేపు తిరిగితే ఒకటిన్నర యూనిట్ ఖర్చవుతుంది. రోజుకు మూడు పూటలు ఇలా జరిగితే నెలకు 135 యూనిట్లు, అంటే సుమారు క్వింటాలు బొగ్గు. పైగా మసీదు బిల్లు చందాలతో కట్టేది. చందా సొమ్ము అమానతు. సలాం చెప్పి లేచిన చివరి వ్యక్తి స్విచ్ ఆపడం ముతవల్లీ పని మాత్రమే కాదు, అందరి బాధ్యత.

వుజూ నీటిలోనూ విద్యుత్తు దాగి ఉంది. ట్యాంకులోకి నీరు ఎక్కించే ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు ముప్పావు యూనిట్ తింటుంది. మహాప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసుకునేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ముద్ద్ అంటే రెండు అరచేతులు కలిపి పట్టినంత కొలత. మరి మనం కుళాయి ధారగా వదిలి, మాట్లాడుకుంటూ వుజూ చేస్తున్నాం!

ఖలీఫా హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) గురించి ఒక ప్రసిద్ధ ఉదంతం ఉంది. రాత్రివేళ ప్రజల పనులు చూసేటప్పుడు బైతుల్‌మాల్ నూనెతో వెలిగే దీపం వాడేవారు. సంభాషణ సొంత విషయాలపైకి మళ్లగానే దాన్ని ఆర్పి, తన దీపం తెప్పించేవారట. కొన్ని చుక్కల నూనెకే అంత జవాబుదారీతనం!

ఇంట్లో చేయదగినవి

60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇస్తుంది. 75 వాట్ల ఫ్యాన్ స్థానంలో సుమారు 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి. కొత్త ఫ్రిజ్ కొనేటప్పుడు నక్షత్రాల గుర్తు చూడండి. ఏసీని 24 డిగ్రీల వద్ద ఉంచితే చాలు. మోటారు, ఇస్త్రీ, వాషింగ్ మెషీన్ పనులు పగటిపూట ముగించుకోండి. పగలు సౌర విద్యుత్తు అందుతుంది. మగ్రిబ్ తరువాత ఆ ఆసరా ఉండదు, అప్పుడే వాడకం పెరిగి బొగ్గు కేంద్రాలపై భారం పడుతుంది. షాదీలకు వీధి పొడవునా తెల్లవార్లూ వెలిగే రంగుదీపాలు ఎవరి కోసమో కూడా ఆలోచించాలి.

పొదుపు అంటే పిసినారితనం కాదు. ఎండాకాలంలో వృద్ధులకు, పసిపిల్లలకు ఫ్యాను వేయకపోవడం పుణ్యం కాదు. దుబారాకూ లోభానికీ నడుమ ఉండేదే విశ్వాసి మార్గమని ఖుర్ఆన్ బోధ (25:67). అవసరానికి వాడుకుందాం, అవసరం తీరగానే ఆపేద్దాం. ఈ జుమా నమాజు తరువాత మసీదు వీడేముందు ఒక్కసారి తలెత్తి ఫ్యాన్ల వైపు చూడండి.