వార్తల్లో పదం: ర్యామ్ ఎయిర్

కొత్త స్పోర్ట్స్ బైకులు, కార్ల వార్తల్లో ఇంజిన్ శక్తి అంకె పక్కన ‘ర్యామ్ ఎయిర్‌తో’ అన్న మాట కనిపిస్తుంటుంది. 2021 కవాసాకి జెడ్‌ఎక్స్-10ఆర్‌కు మామూలుగా 203 పీఎస్, ర్యామ్ ఎయిర్‌తో 213 పీఎస్ అని కంపెనీయే రాసింది. బండి ముందుభాగంలో ఎదురుగాలిని పట్టేలా పెట్టిన రంధ్రంలోంచి, బండి వేగం వల్లే పుట్టే ఒత్తిడితో ఇంజిన్‌కు గాలి పంపే ఏర్పాటు ఇది. టర్బోలా తిరిగే చక్రాలేవీ ఉండవు. గాలి గొట్టం గుండా ఇంజిన్‌కు ముందుండే పెట్టె, అంటే ఎయిర్‌బాక్స్‌లోకి వచ్చి నెమ్మదించేసరికి దాని వేగం ఒత్తిడిగా మారుతుంది. గాలి చిక్కబడితే అందుకు తగ్గట్టు ఎక్కువ ఇంధనం మండి శక్తి పెరుగుతుంది.

అయితే ఎంత? వేగం రెట్టింపైతే ఈ ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కానీ గంటకు 100 కి.మీ. దగ్గర అది వాతావరణ పీడనంలో అర శాతానికి కూడా చేరదు. 200 దగ్గర 2 శాతం లోపు, 300 దగ్గర సుమారు 4 శాతం. అదీ గొట్టంలో నష్టాలేవీ లేకుంటేనే. మరి బానెట్‌పై ఇలా గాలి పట్టే స్కూప్ పెట్టించాక కారు చురుగ్గా ఉందనేవారి మాట అబద్ధమా? కానక్కర్లేదు. బానెట్ కింది వేడిగాలికి బదులు బయటి గాలి అందితే, ప్రతి 10 డిగ్రీల తేడాకు సాంద్రత 3 శాతం వరకు పెరుగుతుంది. ఊళ్లో తిరిగే వేగాల్లో వచ్చే లాభం దాదాపు అంతా ఈ చల్లదనానిదే. చాలా కార్లలో కంపెనీ అమర్చిన గాలి గొట్టం ఇప్పటికే గ్రిల్ దగ్గరి గాలినే పీలుస్తుంది. డబ్బు పెట్టే ముందు మీ కారులో అది ఎక్కడుందో చూసుకోండి. కొత్త గొట్టాన్ని మరీ కిందికి దించితే వాననీళ్లు ఇంజిన్‌లోకి చేరే ప్రమాదమూ ఉంది.