సొరంగపు తనిఖీ నివేదిక ఎప్పటిలోగా?

రాయకోట కొండపై దుర్గమున్నది గాని కొండను తొలచిన రహదారి సొరంగము లేదు. అయినను సేలం, కోయంబత్తూరు మీదుగా శబరిమలకు పోవు మనవారు త్రిశూరుకు ముందు కుదిరాన్ జంట సొరంగములను దాటవలసినదే. లోపలి పగులు, నీటి ఊట ప్రయాణికుని కంటబడవు. తనిఖీదారుని నివేదికయే దిక్కు.

2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లో నిర్మాణమందున్న సిల్‌క్యారా సొరంగము కూలి 41 మంది కార్మికులు 17 దినములు చిక్కుకొని, అందరును ప్రాణములతో బయటపడిరి. వారింకను లోపలనుండగానే జాతీయ రహదారుల సంస్థ నిర్మాణమందున్న 29 సొరంగముల తనిఖీకి పూనుకొని, ఏడు దినములలో నివేదిక కోరినది. ఆపద వచ్చిన పిమ్మట పుట్టిన గడువిది!

అమెరికాలోను అంతే. 2006లో బోస్టన్ సొరంగపు పైకప్పు పలకలు కారుపై పడి ఒక స్త్రీ మరణించెను. నియమములు వచ్చినది 2015లో. వాటి ప్రకారము సాధారణముగా 24 నెలలకొకమారు తనిఖీ జరుగవలెను. తీవ్రలోపము కనబడినచో 24 గంటలలో కేంద్ర రహదారుల శాఖకు తెలుపవలెను.

ఇచట 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో ఎవరైనను తనిఖీ నివేదిక కోరవచ్చును. 30 దినములలో జవాబీయవలెను. దరఖాస్తు మాత్రము ఆంగ్లమునగాని, హిందీలోగాని, తమిళమునగాని ఉండవలెను. మన తెలుగునకు ఈ జిల్లాలో ఆ వీలు లేదు.