న్యూ కాలెడోనియా: ఓటు ఎవరిది, మాట ఎవరిది?

పిల్లలూ, అట్లాసులో ఆస్ట్రేలియా పటం తీయండి. దానికి తూర్పున, పసిఫిక్ సముద్రంలో సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన సన్నగా పొడవుగా ఒక దీవి కనిపిస్తుంది. అదే న్యూ కాలెడోనియా. మన యానాం 1954 వరకు ఫ్రెంచివాళ్ల పాలనలో ఉండేది కదా! 1853లో ఫ్రాన్సు చేతికి వచ్చిన ఆ దీవులు మాత్రం ఇంకా దాని కిందే ఉన్నాయి.

నేల, జనం

పెద్ద దీవి పేరు గ్రాండ్ టెర్. పొడవు సుమారు 400 కిలోమీటర్లు. నడుమ కొండల వరస ఉంది. తూర్పు వైపు వానలెక్కువ, పడమటి వైపు పొడి నేలలో పశువుల్ని మేపుతారు. చుట్టూ ఉన్న పగడపు దిబ్బలను, వాటి లోపలి నీళ్లను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మనకు సంక్రాంతి చలి వేసే రోజుల్లో వాళ్లకు ఎండాకాలం.

విస్తీర్ణం 18,575 చదరపు కిలోమీటర్లు. అంటే మన యానాంలు 600 దాకా పడతాయి. జనం మాత్రం 2019 లెక్కల్లో సుమారు 2,71,000 మందే. వీళ్లలో మొదటినుంచీ ఉన్న కనక్ ప్రజలు 41 శాతం.

బతుకుతెరువు

అక్కడి ఎర్రమట్టి కొండల్లో నికెల్ ఖనిజం దండిగా ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెకూ, కొన్ని రకాల బ్యాటరీలకూ నికెల్ కావాలి. కానీ ఇండోనేషియా నుంచి చవక నికెల్ రావడంతో ధర పడిపోయింది. 2024లో ఉత్తరాన ఉన్న పెద్ద కర్మాగారం ఆగిపోయి వందలమంది పని పోగొట్టుకున్నారు. ఒక్క సరుకు మీదే ఆధారపడితే వచ్చే ఇబ్బంది ఇదే. ఫ్రాన్సు పంపే డబ్బు కూడా వాళ్లకు పెద్ద ఆసరా.

పాలన

రాజధాని నూమెయా. మూడు ప్రాంతాల నుంచి వచ్చిన 54 మంది సభ్యులతో ఒక సభ ఉంది, అదే స్థానిక ప్రభుత్వాన్ని ఎన్నుకుంటుంది. రక్షణ, న్యాయం, కరెన్సీ ఫ్రాన్సు చేతిలో ఉంటాయి.

1998 ఒప్పందం ప్రకారం స్వాతంత్ర్యం కావాలా వద్దా అని మూడుసార్లు ఓటింగు పెట్టారు. వద్దన్నవాళ్లు 2018లో 56.7 శాతం, 2020లో 53.3 శాతం. కరోనా చావుల దుఃఖంలో ఉన్నాం, వాయిదా వేయమని స్వాతంత్ర్యవాదులు అడిగారు. వేయకపోవడంతో 2021లో వాళ్లు ఓటుకు రాలేదు. అప్పుడు వద్దన్నవి 96.5 శాతం, కానీ ఓటేసింది 44 శాతం మందే. ఎన్ని ఓట్లు పడ్డాయన్నదే కాదు, ఎవరు వేశారన్నదీ చూడాలని దీంతో తెలుస్తుంది.

స్థానిక ఎన్నికల్లో కొత్తగా వచ్చినవాళ్లకు ఓటు లేదు. పదేళ్లు ఉన్నవాళ్లకు ఇవ్వాలని ఫ్రాన్సు అనుకోగానే, మా మాట చెల్లకుండా పోతుందని కనక్‌లు భయపడ్డారు. 2024 మే నెలలో అల్లర్లు రేగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ ప్రతిపాదనను తర్వాత పక్కన పెట్టారు.

భాషలు

కనక్ భాషలు 28. కొన్నిటిని మాట్లాడేవాళ్లు బాగా తక్కువ. ఆఫీసు పని, చదువు ఎక్కువగా ఫ్రెంచిలోనే. అయినా ద్రెహు, నెంగోనె, పైచి, అజియె అనే నాలుగు భాషల్ని పెద్ద పరీక్షలో ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. 2007లో కనక్ భాషల అకాడమీ కూడా పెట్టారు.

అమ్మానాన్నలకు ఒక మాట. బడి భాషను నేర్పగలదు, ఇల్లు దాన్ని బతికించాలి. అక్కడైనా ఇక్కడైనా అంతే. ఈ వారం మీ పిల్లలతో కలిసి పటంలో ఈ దీవిని వెతకండి, దాని గురించి తెలుగులోనే మాట్లాడుకోండి.