పక్షుల ఇన్‌ఫ్లుయెంజా

దబీర్‌పురా దుకాణములో కోడిమాంసము కొను గృహస్థునకు, చెరువులపై వాలు వలసపక్షులతో ఏమి సంబంధమని తోచవచ్చును. ఆ సంబంధమును కల్పించునది ఇన్‌ఫ్లుయెంజా వైరస్.

అడవిబాతులు మొదలగు నీటిపక్షులు ఈ వైరస్‌కు సహజ నిలయములు. వానిలో కొన్ని తాము జబ్బుపడకయే దానిని మోయును. వాని రెట్ట పడిన నీరు, మేత, మనుష్యుల చెప్పులు, బండ్ల చక్రములు దానిని కోళ్లఫారములకు చేర్చును. హెచ్5ఎన్1 రకము ప్రవేశించినచో కోళ్లు గుంపులుగా చచ్చును. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు శివార్లలో, హయత్‌నగర్ చెంత తొర్రూరులోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను ఇట్లే జరిగినది. అట్టి చోట కిలోమీటరు మేర కోళ్లనన్నిటిని చంపి పూడ్చుట నియమము.

మనుష్యులకు ఇది అరుదుగా సోకును. సోకినచో ప్రాణాంతకము కావచ్చును. 1997లో హాంగ్‌కాంగ్‌లో 18 మందికి సోకగా ఆరుగురు మరణించిరి. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేండ్ల పసిపాప మరణించినది. ఆమె పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని ఇంటివారు తెలిపిరి.

లోపలివరకు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలిన మాంసములో వైరస్ నశించును. కావున బాగుగా ఉడికిన కూరకు భయపడనక్కరలేదు. పచ్చిమాంసము మాత్రము పిల్లలకు అందనీయరాదు. కత్తిపీటను, చేతులను సబ్బుతో కడుగవలెను. పక్షులు ఒక్కసారిగా చచ్చి పడినచో, తాకక పశువైద్యునకు తెలుపవలెను.