బలహీన గుండెకు లెక్క ఉంది.. మార్చే వీలూ ఉంది

హోసూరు: ‘మా నాయన ఇంకెన్ని దినాలుంటాడు సార్?’ గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్ల పిల్లలు డాక్టర్లను అడిగే ప్రశ్న ఇదే. తేదీ చెప్పడం ఎవరి తరమూ కాదు. అలాగని వైద్యుల దగ్గర లెక్కే లేదనుకుంటే పొరపాటు. వయసు, పరీక్షల ఫలితాలు, వాడే మందులు చూసి ముప్పు ఏపాటిదో అంచనా వేసే పద్ధతులున్నాయి.

గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు. ఒంటికి కావాల్సినంత రక్తాన్ని అది పంపలేకపోవడం. నాలుగడుగులకే ఆయాసం, కాళ్ల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం దీని గుర్తులు. పాత గుండెపోటు, ఏళ్ల తరబడి అదుపులేని బీపీ, షుగరు దీనికి దారితీస్తాయి.

మార్కులు పెరిగితే ముప్పే!

ఇలాంటి లెక్కల్లో ‘మ్యాజిక్’ స్కోరు ఒకటి. 30 అధ్యయనాల్లోని 39,372 మంది రోగుల వివరాలతో తయారైన ఇది 2013లో వెలువడింది. వయసు, గుండె పంపింగ్ శాతం, ఆయాసం తీవ్రత, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగరు, పొగతాగే అలవాటు తదితర 13 అంశాలకు మార్కులు వేస్తారు. బడి పరీక్షకు ఇది తలకిందులు. మార్కులు ఎక్కువైతే ముప్పు ఎక్కువ. ఏడాదిలో, మూడేళ్లలో ప్రాణాపాయం నూటికి ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

బీపీ తక్కువుంటే మంచిదేగా అనుకుంటారు చాలామంది. ఇక్కడ మాత్రం పై బీపీ పడిపోయినా, మనిషి మరీ చిక్కిపోయినా మార్కులు పెరుగుతాయి. గుండె సత్తువ తగ్గిందనడానికి అవి గుర్తులు. అలాగని సొంతంగా మాత్ర ఆపేయడం ప్రమాదం. గుండెకు వాడే రెండు రకాల మందులు ఆ 13 అంశాల్లోనే ఉన్నాయి. అవి వాడనివారికే మార్కులు ఎక్కువ పడతాయి. వయసును మార్చలేం. మాత్ర, బీడీ మన చేతిలోనివే.

నూటికి 20 అంటే..

ఏడాదిలో ముప్పు 20 శాతం అని తేలితే, అలాంటి వందమందిలో 80 మంది బతికే ఉంటారని అర్థం. మన మనిషి ఆ 80లో ఉంటాడా, 20లోనా అన్నది ఏ స్కోరూ చెప్పలేదు. పైగా 2013 తర్వాత వాడుకలోకి వచ్చిన కొత్త మందులు ఆ లెక్కలో లేవు.

జబ్బు మాత్రం తేలికది కాదు. 2013లో తిరువనంతపురంలోని ఆసుపత్రుల్లో చేరిన 1,205 మందిని పరిశీలిస్తే, అయిదేళ్లలో 59 శాతం మంది మరణించారు. వారి సగటు వయసు 61 ఏళ్లే. దేశవ్యాప్తంగా 53 ఆసుపత్రుల్లో 10,851 మంది వివరాలు సేకరించగా 90 రోజుల్లోనే 14.2 శాతం మంది చనిపోయారు. సిఫారసు చేసిన మందులు అందినవారు మెరుగ్గా ఉన్నారు. చదువు లేనివారిలో మరణాలు ఎక్కువ. డాక్టరు రాసింది అర్థం కావడం కూడా వైద్యంలో భాగమేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇంటికొచ్చాకే అసలు పరీక్ష

హోసూరుకు బెంగళూరు 40 కిలోమీటర్లే. గుండె జబ్బంటే జయదేవ ఆసుపత్రికి పోవడం ఈ ప్రాంతంలో మామూలే. రాత్రిపూట ఆయాసం వస్తే మాత్రం పరుగెత్తేది హోసూరు, కృష్ణగిరి ఆసుపత్రులకే. చీటీ ఒక చోట, ఎకో రిపోర్టు మరో చోట ఉంటే ఇక్కడి డాక్టరుకు లెక్క కుదరదు. కన్నడ, తమిళ, తెలుగు మాటల మధ్య మాత్రల పేర్లూ తారుమారవుతాయి. అన్ని కాగితాలూ ఒకే సంచిలో పెట్టుకోవడం మేలు.

బీపీ, షుగరు మందులను ఇంటివద్దకే చేర్చే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. ఈ రెండూ అదుపులో ఉంటే చాలామందికి గుండె వైఫల్యం దాకా రానే రాదు.

జబ్బు వచ్చినవారు రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే. కాళ్లు వాచేదాకా ఆగకుండా డాక్టరును కలవాలి. ఊరగాయ, అప్పడం తగ్గించాలి. ఒళ్లు కాస్త తేలికపడిందని మాత్ర మానకూడదు.