ఏనుగు మల్లమ్మ కొండ

ఒకే కొండకు రెండు పేర్లు. చూడవచ్చిన వాళ్లకు అది హార్స్‌లీ హిల్స్. కింది పల్లెల్లో మా అవ్వ వంటి పెద్దలకు మాత్రం ఏనుగు మల్లమ్మ కొండే. మల్లమ్మ అనే భక్తురాలు పైన ఒంటరిగా ఉండేదనీ, ఏనుగులే ఆమెకు తిండి తెచ్చి పెట్టేవనీ కథ. కథను కథగానే తీసుకుందాం. అయితే ఈ సీమకు ఏనుగు మరీ కొత్తదేమీ కాదు. 1980లలో పలమనేరు, కుప్పం అడవుల్లోకి ఏనుగులు వచ్చి నిలిచాయి.

రెండో పేరు కడప కలెక్టరు హార్స్‌లీ దొరది. 1870 ప్రాంతంలో ఆయన ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. మదనపల్లె కొండతో కడప కలెక్టరుకు పనేమిటని మిత్రులు అడుగుతుంటారు. అప్పటికి చిత్తూరు జిల్లాయే లేదు. అది 1911లో ఏర్పడింది. అంతవరకు మదనపల్లె కడప జిల్లాలోనిదే. 2022లో ఈ ప్రాంతాన్ని చిత్తూరు నుంచి విడదీసి అన్నమయ్య జిల్లాలో కలిపారు. కొండ కదల్లేదు గాని, జిల్లాలు మాత్రం దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి!

కడప ఎండ తెలిసిన వారికి దొర కొండ ఎందుకు ఎక్కాడో చెప్పనక్కరలేదు. లెక్క మాత్రం చెప్తాను. కడప సముద్రమట్టానికి సుమారు 140 మీటర్ల ఎత్తున ఉంది. మదనపల్లె దాదాపు 700. కొండపైన 1,250 దాటుతుంది. గాలి పైకి పోయేకొద్దీ దాని మీది ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. సైకిలు ట్యూబు వాల్వు తీసినప్పుడు వేలికి చల్లగా తగిలేది ఇందుకే. సగటున వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు. అంటే కడప కన్నా కొండపైన ఏడు డిగ్రీలు తక్కువ. మదనపల్లెతో పోలిస్తే మూడున్నరే. ఊటీ 2,200 మీటర్లకు పైమాటే, కాబట్టి దీన్ని ‘ఆంధ్రా ఊటీ’ అనడం నాకంతగా నచ్చదు.

పైన ఊరు చిన్నది. అటవీశాఖ బంగళా, గవర్నరు బంగళా, పర్యాటకుల కాటేజీలు, కొన్ని ఇళ్లు, అంతే. ‘కల్యాణి’ అనే పెద్ద నీలగిరి చెట్టు ఉంది. 1859 నాటిదంటారు. 1995లో దానికి మహావృక్ష పురస్కారం వచ్చింది.

మా రైతులకు కొండ అంటే విడిది కాదు, నీళ్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ముందే పిండుకుంటాయి. మిగిలిన వానకు ఈశాన్యపు వాన తోడైతేనే మా చెరువుకు కళ. కొండవాలున చెట్లుంటే వాన ఆకుల్లో, వేళ్లలో చిక్కి మెల్లగా ఇంకి వంకల్లో ఊరుతుంది. వంక పారితే చెరువు, చెరువు నిండితే బావి. చెట్లు పోతే అదే వాన ఒక్క పూటలో ఉరికి, మట్టిని కూడా తెచ్చి చెరువులో పోస్తుంది. ‘చెరువులో పూడిక చూస్తే కొండ మీద ఎన్ని చెట్లు కొట్టినారో తెలుస్తాది’ అంటాడు మా నాయన. చెరువు ఎండితే టమోటాకు బోరే గతి. బోరు వేసి నీళ్లు పడకపోతే అప్పు మాత్రం మిగుల్తాది.

పోయిన పచ్చదనం తిరిగి రాదా అంటే, కొండకు దగ్గర్లోనే రిషి వ్యాలీ ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన పాఠశాల అది. బోడిగా ఉన్న ఆ లోయలో ఏళ్ల తరబడి చెట్లు పెంచి, వాన నీరు నిలిచే కుంటలు తవ్వారు. 1991లో దాన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు.

కొండకు పోయే మిత్రులు వ్యూ పాయింటు నుంచి కిందికి చూసి, మెరిసే చెరువులెన్నో లెక్కపెట్టండి. కార్తీకంలో ఒకసారి, చైత్రంలో ఒకసారి.